కిటుకు సీసా గొంతులో ఉంది

ఆదివారం పొద్దున్నే మీరూ మీ అమ్మాయీ కలిసి రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాకు అట్టముక్కల రెక్కలు అంటించారు. కొంచెం నీళ్లు పోశారు. రబ్బరు బిరడా బిగించి, మూతి కిందికి ఉండేలా నిలబెట్టి, సైకిల్ పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టారు. పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. టప్పుమని బిరడా ఊడింది. సీసా డాబా ఎత్తు కూడా అందుకోకుండానే అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది. నీళ్లన్నీ మీ చొక్కా మీద.

"మళ్లీ చేద్దాం నాన్నా. ఈసారి గాలి ఎక్కువ కొట్టు."

సరిగ్గా ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. రాకెట్టు సరిగా ఎగరకపోతే బలం చాల్లేదనుకుంటారు. ఇంకాస్త గాలి కొడతారు, ఇంకాస్త నీళ్లు పోస్తారు, ఇంకా పెద్ద సీసా తెస్తారు. నాలుగు ఆదివారాలు గడిచినా రాకెట్టు ఆ గోడనే వెతుక్కుంటూ పోతుంది.

నిజంగా బలం చాలలేదా? ఒక్కసారి లెక్క వేసి చూడండి. సీసాలో గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ ఉందనుకోండి. అంటే బయటి గాలి కంటే సుమారు 4 బార్లు ఎక్కువ. సీసా మూతి లోపలి వెడల్పు 21 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆ మూతి గుండా నీళ్లు దూకేటప్పుడు సీసాకు తగిలే తోపు దాదాపు 28 కిలోల బరువుతో సమానం. నీళ్లతో కలిపి మీ రాకెట్టు బరువెంత? 700 గ్రాములు ఉంటే గొప్ప. తన బరువుకు నలభై రెట్ల బలం ఉన్నదాన్ని పట్టుకుని బలహీనమైందనడం న్యాయమేనా?

లోపం ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి నీళ్లు బయటికొచ్చే దారి. దాన్నే నాజిల్ అంటాం. రెండోది రాకెట్టు తూకం. ఈ అధ్యాయమంతా ఆ రెండింటి గురించే.

అంతకంటే ముందు, పెద్దవాళ్లకూ పిల్లలకూ కలిపి ఒక మాట. ఈ పుస్తకంలో మనం వాడేది నీళ్లూ గాలీ మాత్రమే. దీపావళికి మిగిలిన తారాజువ్వను విప్పి మందు తీయడం, అగ్గిపుల్లల తలలు గీకి గొట్టంలో కూరడం, వంటింటి పొడులు కలిపి ఇంధనం చేయడం ఎవరు నేర్పినా నేర్చుకోకండి. మందు మండేటప్పుడు నాజిల్ రంధ్రం ఒక్క క్షణం పూడుకున్నా గొట్టంలో ఒత్తిడి పెరిగి అది రాకెట్టు కావడం మానేసి బాంబు అవుతుంది. మన దేశంలో లైసెన్సు లేకుండా పేలుడు మందు తయారు చేయడం నేరం కూడా. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు మాత్రం ఇంకో దారి ఉంది. అక్కడి హాబీ షాపుల్లో ఎస్టెస్ వంటి కంపెనీల రెడీమేడ్ మోటార్లు దొరుకుతాయి. మట్టితో చేసిన నాజిల్ వాటిలోనే బిగించి ఉంటుంది. మోటారు మీద సీ6-5 అని ఉంటే, 'సీ' అన్నది మొత్తం శక్తి తరగతి, 6 అన్నది సగటు తోపు న్యూటన్లలో, 5 అన్నది మందు అయిపోయాక పారాచూట్ విచ్చుకునే ముందు ఆగే సెకన్లు. అక్షరం ఒకటి పెరిగితే శక్తి రెట్టింపు దాకా పోతుంది. అందుకే పిల్లలు 'ఏ', 'బీ'లతోనే మొదలుపెట్టాలి. వాటినీ విప్పకూడదు, మళ్లీ నింపకూడదు.

ఇక నాజిల్ సంగతి. మొక్కలకు నీళ్లు పట్టే పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి కదా? అది చూసిన అనుభవంతో "చిల్లు ఎంత చిన్నదైతే వేగం అంత ఎక్కువ" అని మనం తేల్చేసుకుంటాం. పైపు దగ్గర అది నిజం. అంత పొడుగు పైపులో పారుతూ పారుతూ నీటి ఒత్తిడి మధ్యలోనే చాలా ఖర్చైపోతుంది. వేలు అడ్డం పెడితే ప్రవాహం తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, మిగిలిన ఒత్తిడి వేలి దగ్గర దూకుడుగా మారుతుంది. సీసాలో ఆ పొడుగు పైపు లేదు. లోపలి గాలి ఒత్తిడే నేరుగా నీళ్లను తోస్తుంది. 60 పీఎస్‌ఐ దగ్గర నీళ్లు సెకనుకు 28 మీటర్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్లతో దూకుతాయి. చిల్లు 21 మిల్లీమీటర్లున్నా అంతే, 9 మిల్లీమీటర్లున్నా అంతే.

మరి చిల్లు పరిమాణం దేన్ని మారుస్తుంది? ఎన్ని నీళ్లు ఒకేసారి పోతాయన్నదాన్ని. పూర్తి మూతితో అయితే 600 మిల్లీలీటర్ల నీళ్లు సెకనులో పదో వంతు తిరక్కముందే ఖాళీ. 28 కిలోల తోపు, రెప్పపాటు. 9 మిల్లీమీటర్ల చిల్లుతో అయితే తోపు ఐదు కిలోలే, కానీ అది సెకనులో మూడో వంతుకు పైగా నిలుస్తుంది. ఒకటి చెంపదెబ్బ, రెండోది భుజం మీద చెయ్యేసి నడిపించడం. ఏది కావాలో మీరే ఎంచుకోవాలి.

శ్రీహరికోట రాకెట్ల కథ దీనికి భిన్నం. వాటిలోంచి వచ్చేది నీళ్లు కాదు, మండే వాయువు. వాయువు నొక్కితే ముడుచుకుంటుంది, వదిలితే విచ్చుకుంటుంది. అందుకే ఆ నాజిల్ ముందు సన్నబడి, తర్వాత గంటలా వెడల్పవుతుంది. సన్నటి చోటును గొంతు అంటారు. వాయువు గొంతు దగ్గర ధ్వని వేగాన్ని అందుకుంటుంది. వెడల్పయ్యే భాగంలో విచ్చుకుంటూ, చల్లబడుతూ, ఆ వేగాన్ని దాటిపోతుంది. స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ ద లావల్ 19వ శతాబ్దం చివర్లో ఆవిరి టర్బైన్ కోసం ఈ ఆకారం కనిపెట్టాడు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ దాన్ని రాకెట్టుకు తెచ్చాడు. సిద్ధాంతం మనకు ఇంత చాలు. ఇక చేతులకు పని చెబుదాం.

1. గ్యాస్ పానీయం సీసానే తీసుకోండి. మినరల్ వాటర్ సీసా పనికిరాదు. దాని గోడ పల్చన, ఒత్తిడికి తట్టుకోదు. ఎండలో ఉన్నదీ, నొక్కుపడిందీ, గీతలుపడిందీ వద్దు. రెక్కలు అంటించడానికి వేడి జిగురు తుపాకీ వాడకండి. వేడికి ప్లాస్టిక్కు మెత్తబడి ఆ చోటే పగులుతుంది. బలమైన టేపు చాలు.

2. ఎగరేసే ముందు ఒత్తిడి పరీక్ష చేయండి. సీసాను అంచుల దాకా నీళ్లతో నింపి, బిగింపులన్నీ పెట్టి, మీరు ఎగరేయబోయే ఒత్తిడి కంటే కాస్త ఎక్కువ దాకా పంపు కొట్టండి. నిండా నీళ్లెందుకు? గాలి స్ప్రింగులా ముడుచుకుని శక్తిని దాచుకుంటుంది, నీళ్లు దాచుకోవు. నిండు సీసా పగిలితే నీళ్లు కారతాయి. గాలి సీసా పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఈ తేడాను పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఎందుకో తెలిసినవాళ్లు జాగ్రత్తను చాదస్తమనుకోరు.

3. మొదటి పది ప్రయోగాలూ పూర్తి మూతితోనే. బిరడాకు సైకిల్ ట్యూబు వాల్వు దూర్చి, చుట్టూ గాలి కారకుండా బిగిస్తే చాలు. ఇందులో ఒత్తిడి ఎంతకు చేరుతుందన్నది బిరడా బిగువును బట్టి ఉంటుంది. ఎక్కువసార్లు అది 60 పీఎస్‌ఐ దాకా పోకుండానే ఊడుతుంది. మొదట్లో అదే మంచిది. అదేపనిగా సుత్తితో కొట్టి బిరడా బిగించేవాళ్లుంటారు. ఆ పని చేయకండి.

4. పది అయ్యాక చిన్న నాజిల్‌కు మారండి. పైపులను టక్కున తగిలించే క్విక్ కనెక్టర్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. సీసా మూతకు చిల్లు పెట్టి, లోపల రబ్బరు వాచరు వేసి, కనెక్టర్ మగ ముక్కను మూతకు బిగించండి. ఆడ ముక్కను చెక్కపలకకు గట్టిగా బిగించండి. దాని రింగుకు తాడు కట్టి దూరం నుంచి లాగితే సీసా విడుదలవుతుంది. బిరడా తనకు తోచినప్పుడు ఊడుతుంది. ఇది మీరు చెప్పినప్పుడు వదులుతుంది. కొత్త మూత పెట్టారు కాబట్టి 2వ పరీక్ష మళ్లీ చేయాలి.

5. చిల్లు లోపలి అంచును నునుపు చేయండి. ఎవరూ పట్టించుకోని పని ఇది. నాకు మాత్రం ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైంది. చదునైన మూతకు డ్రిల్లుతో చిల్లు పెడితే దాని అంచు కత్తిలా ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ దూసుకొచ్చే నీళ్లు ఆ అంచు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరగలేవు. చిల్లు దాటాక కూడా లోపలికే ఒరుగుతూ ధార ఇంకా సన్నబడుతుంది, దాదాపు చిల్లు వైశాల్యంలో 60 శాతానికి. అంటే మీరు 9 మిల్లీమీటర్లనుకుని పెట్టిన చిల్లు 7 మిల్లీమీటర్ల పనే చేస్తుంది. తోపులో ఐదింట రెండు వంతులు అంచుకే పోయాయి! మందు ఏమిటి? గరుకు కాగితాన్ని పెన్సిలుకు చుట్టి, లోపలి వైపు అంచును గుండ్రంగా, గరాటు నోరులా అరగదీయండి. పది నిమిషాల పని. సీసా అసలు మూతి ఎందుకు అంత బాగా పనిచేస్తుందో ఇప్పుడు అర్థమైందా? దాని భుజాలు మెల్లగా వంగి మెడలో కలుస్తాయి. నీళ్లకు అంతకంటే మర్యాదైన దారి లేదు.

6. గంట అంటించకండి. టీవీలో పీఎస్‌ఎల్‌వీని చూసిన పిల్లలు సీసా మూతికి కాగితపు గంట చేసి పెడతామంటారు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ నీళ్లు వాయువులా విచ్చుకోవు. గంట గోడలను అవి సరిగా తాకను కూడా తాకవు. మిగిలేది బరువే. ఆ బరువు ఎంత ఖరీదైందో ఇస్రోను చూస్తే తెలుస్తుంది. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశలో కొలంబియం మిశ్రలోహంతో చేసే నాజిల్ గంట భాగానికి బదులుగా కార్బన్-కార్బన్ గంటను తయారు చేసినట్టు 2024 ఏప్రిల్‌లో ఇస్రో ప్రకటించింది. గంట బరువు 67 శాతం తగ్గింది. దానివల్ల రాకెట్టు మోయగల ఉపగ్రహం బరువు 15 కిలోల దాకా పెరుగుతుందని అంచనా. అంతరిక్షంలో గంట తప్పనిసరి అయినవాళ్లే దాని బరువు తగ్గించడానికి అంత పాటుపడుతుంటే, అవసరమే లేని మన సీసాకు ఎందుకు తగిలించాలి? పిల్లకు ఆశ ఉంటే షోకేసులో పెట్టే రాకెట్టుకు అంటించనివ్వండి.

7. నీళ్లు మూడో వంతు. ఎక్కువ పోస్తే వాటిని తోయడానికి గాలికి చోటుండదు. తక్కువ పోస్తే తోయడానికి ఏమీ ఉండదు.

8. తల బరువు పెంచండి. "ఏంటండీ, బరువు తగ్గించమని ఇప్పుడే చెప్పి మళ్లీ పెంచమంటారేంటి?" అంటారా? ఈ రెండూ పొసగని మాటలు కావు. తోకలో బరువు దండగ, తలలో బరువు అవసరం. ఎగిరే రాకెట్టు తన బరువు సమంగా తూగే బిందువు చుట్టూ ఊగుతుంది. గాలి దెబ్బ తగిలే బిందువు వేరే ఉంటుంది. గాలి బిందువు తూకపు బిందువుకు వెనకాల ఉంటే, రాకెట్టు కాస్త వంగినా గాలే తోకను పట్టి సరిచేస్తుంది. ముందుంటే గాలే తిప్పి పడేస్తుంది. తారాజువ్వకు అంత పొడుగు పుల్ల ఎందుకు కడతారో చూడండి. మందంతా తలలో, గాలి పట్టు అంతా తోకలో.

ఇంట్లో తేల్చుకోవడం ఎలా? ఖాళీ రాకెట్టును వేలి మీద అడ్డంగా ఆనించి ఎక్కడ తూగుతుందో గుర్తు పెట్టండి. తర్వాత దాన్ని అట్ట మీద పడుకోబెట్టి, రెక్కలతో సహా చుట్టూ గీసి, ఆ ఆకారం కత్తిరించండి. ఆ అట్ట బొమ్మ ఎక్కడ తూగితే గాలి బిందువు సుమారుగా అక్కడ. మొదటి గుర్తు రెండోదానికంటే తల వైపు కనీసం సీసా వెడల్పంత, అంటే పదీ పదకొండు సెంటీమీటర్లు, ముందు ఉండాలి. లేదా? తలలో బంకమట్టి ముద్ద పెట్టండి, లేదా రెక్కలు పెద్దవి చేసి ఇంకా వెనక్కి జరపండి. ఆఖరి పరీక్షగా తూకపు బిందువు దగ్గర దారం కట్టి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుగా తిరిగితే గట్టెక్కినట్టే. అడ్డంగానో తోక ముందుగానో తిరిగితే ఎగరేయకండి. ఆ గోడ ఇంకా అక్కడే ఉంది.

ఇందులో తప్పు చేయడానికి సిగ్గుపడనక్కర్లేదు. గొడార్డ్ 1926 మార్చి 16న ఎగరేసిన ప్రపంచపు తొలి ద్రవ ఇంధన రాకెట్టుకు ఇంజిన్ పైన, ట్యాంకులు కింద పెట్టాడు. పైనుంచి లాగితే నిటారుగా పోతుందనుకున్నాడు. అలా జరగదని తెలిశాక ఇంజిన్‌ను కిందికి మార్చాడు. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి లేచినప్పుడు, నిలకడ కోసం దానికి గిర్రున తిప్పే చిన్న త్రస్టర్లు కూడా పెట్టారు. ఎంత పెద్ద రాకెట్టుకైనా ఈ బెంగ ఉంటుంది.

9. చోటు, దూరం, కళ్లు. డాబా మీద వద్దు, వీధిలో వద్దు. కోత అయిన పొలమో, బడి మైదానమో చూసుకోండి. పైన కరెంటు తీగలు ఉండకూడదు. తీగకు చిక్కుకుంటే దాన్ని వదిలేసి ఇంటికి రండి. అది ఎటూ పారేసే సీసాయే. గాలి కొట్టేవాళ్లు కనీసం ఐదు మీటర్ల పొడుగు గొట్టంతో దూరంగా ఉండాలి. అందరి కళ్లకూ అద్దాలుండాలి. సీసా నిటారుగా లేవడానికి చుట్టూ మూడు వెదురు బద్దలు పాతితే చాలు. మీటరున్న పంపే వాడండి. 60 పీఎస్‌ఐ దాటకండి.

ఇక గాలి నిండాక సీసా కదలకపోతే ఏం చేస్తారు? అందరూ చేసే తప్పు, దగ్గరికెళ్లి మొహం వంచి చూడటం. ఆ సమయంలో అక్కడ 28 కిలోల తోపు కాచుకుని ఉందని గుర్తుంచుకోండి. ముందే వాల్వు లోపలి పిన్ను తీసేసి ఉంచితే, దూరంగా పంపు దగ్గర గొట్టం విప్పగానే గాలీ నీళ్లూ వెనక్కి వచ్చేస్తాయి. చప్పుడు పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లండి.

10. ఒక్కసారి ఒక్క మార్పే. నీళ్లు తగ్గించి, చిల్లు మార్చి, రెక్కలు కూడా మార్చి ఎగరేశారు. ఈసారి ఎత్తుకు పోయింది. దేనివల్ల? మీకు తెలియదు. మీ అమ్మాయికీ తెలియదు. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, చిల్లు కొలత, నీళ్లు, ఒత్తిడి, గాలి ఎటు వీస్తోంది, ఎంత ఎత్తు. రాసే పని పిల్లకు అప్పగించండి. కొలిచేటప్పుడు పెద్దవాళ్లు "అటూ ఇటూ నలభై వేసెయ్" అనకూడదు.

ఎత్తు కొలవడానికి కోణమానిని మధ్యలో దారం కట్టి, చివర మేకు వేలాడదీయండి. రాకెట్టు నుంచి 50 మీటర్ల దూరంలో నిలబడి, అది ఎక్కినంత ఎత్తుకు ఎక్కినప్పుడు కోణమానిని అంచు వెంట చూసి, దారం ఎన్ని డిగ్రీలు జరిగిందో చదవండి. 22 డిగ్రీలైతే 20 మీటర్లు, 31 అయితే 30, సరిగ్గా 45 అయితే 50. దానికి మీ కంటి ఎత్తు కలపండి. గొడార్డ్ రాకెట్టు ఆ రోజు రెండున్నర సెకన్లు ఎగిరి 41 అడుగులు లేచింది, అంటే పన్నెండున్నర మీటర్లు. తూకం కుదిరిన మీ సీసా దాన్ని మొదటి రోజే దాటుతుంది. ఆ మాట పిల్లకు చెప్పి, ఆ అంకె పక్కన తన అంకె రాసుకోమనండి.

ఎంత ఎత్తుకు పోవాలంటే ఏ చిల్లు మంచిదని మీరు అడగొచ్చు. వెడల్పు మూతితో సీసా నేల విడిచేటప్పటికే వేగం అందుకుంటుంది, పక్కగాలికి లొంగదు. సన్న నాజిల్‌తో మెల్లగా లేస్తుంది, తూకంలో ఏ చిన్న లోపమున్నా కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఒక్కోదానితో ఐదేసి సార్లు, అవే నీళ్లు, అదే ఒత్తిడి. పది వరుసలు నిండాక పుస్తకం తెరిచి మీ అమ్మాయినే అడగండి.

ప్రతిసారీ ఎగిరి పడ్డాక సీసాను ఎండకు ఎత్తి పట్టి చూడటం మర్చిపోకండి. మెడ దగ్గరో అడుగునో తెల్లటి గీత, నొక్కు కనిపిస్తే దాని పని అయిపోయింది. రెక్కలూ, తలలోని మట్టి ముద్దా ఊడదీసి కొత్త సీసాకు మార్చుకుని, నిండా నీళ్లు పోసి, మూత బిగించి, 2వ పరీక్ష దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టండి.